నమ్మకం వేరు, నమ్మించుకోవడం వేరు: గ్రంథాలను మోసపోకుండా చదవడం ఎలా?

 

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మీద చేసిన వీడియో చూసినవాళ్ళు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, నీడ కదలకపోవడానికి కారణం ఫిజిక్స్ అయితే, ఇంక అక్కడ దేవుడి మహిమ ఏముంది?" ఒకరైతే ఇంకో అడుగు ముందుకేసి, "ఇట్లాంటివి చెప్పకండి, పిల్లలకు నమ్మకం పోతది" అన్నారు. పది నిమిషాల వీడియోలో జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదిది. అందుకే ఈ పోస్ట్. కొంచెం పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ఈ రోజు పాఠం చిన్నగా చెప్పాలంటే ఇది. దేవుడిని నమ్మడం ఒక పని. మనకు నచ్చింది దేవుడే చెప్పాడని మనల్ని మనం నమ్మించుకోవడం ఇంకో పని. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడటానికి మన పెద్దలు కొన్ని పద్ధతులు పెట్టారు. అవి మనలో చాలామందికి తెలియవు.

ముందు నీడ సంగతి

నల్లగొండ పట్నం పక్కనే పానగల్. ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం అన్నీ అక్కడే. ఛాయా సోమేశ్వరం త్రికూటాలయం, అంటే ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్ళు. శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున పోయి చూసినా, మధ్యాహ్నం చూసినా ఆ నీడ అక్కడే ఉంటుంది.

ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. నేరుగా ఎండ వల్ల పడే నీడ ఏదైనా జరిగి తీరాలి. మీ బాల్కనీ గ్రిల్ నీడను ఒక గంట చూడండి, తెలుస్తుంది. ఇక్కడ నీడ జరగట్లేదంటే దాన్ని పుట్టిస్తున్నది నేరుగా వచ్చే ఎండ కాదన్నమాట. బయట చెదిరిన వెలుగు మండపం సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ సందులు కదలవు, స్తంభాలు కదలవు. రెండు పక్కల నుంచి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డుపడి, వెలుగు సరిగ్గా చేరని ఒక పట్టీ గోడ మీద మిగిలిపోతుంది. మనం చూసే నీడ అదే. ఉమ్మడి నల్లగొండ జిల్లాకే చెందిన ఒక ఫిజిక్స్ లెక్చరర్ నమూనా కట్టి మరీ దీన్ని చూపించారు.

ఇది తెలిశాక ఏం పోయింది? శివుడి శివత్వం ఆ నీడ మీద ఆధారపడి లేదు. ఏం వచ్చింది? దాదాపు 900 ఏళ్ళ కింద, వెలుగు రాయి మధ్య ఎట్లా నడుస్తుందో గమనించి, ఆ గమనికను సోమేశ్వరుడి సేవలో పెట్టిన శిల్పి ఒకరు కనిపించారు. నాకైతే ఆ గుడి మీద గౌరవం పెరిగింది.

నీడకు కారణం తెలిస్తే భక్తి పోతుందని భయపడేవాళ్ళు, తెలియకుండానే తమ భక్తిని నీడ మీద నిలబెట్టుకున్నారు. ఎవరైనా టార్చిలైటు వేస్తే పడిపోయే పునాది అది. ఇదే సమస్య గుళ్ళ కంటే గ్రంథాల దగ్గర ఇంకా పెద్దది.

ధృతరాష్ట్రుడి జబ్బు

ఆత్మవంచన అంటే తెలియకపోవడం అనుకుంటాం. మహాభారతం అట్లా చెప్పదు. ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి ఒక రాత్రి నిద్ర పట్టదు. తనే విదురుడిని పిలిపించుకుంటాడు, ఏది మంచో చెప్పమంటాడు. విదురనీతి అని మనం విడిగా చదువుకునేది ఆ రాత్రి మాటలే. అంతా విన్నాక రాజు ఒప్పుకుంటాడు కూడా. నువ్వు చెప్పినట్టే చెయ్యాలని నాకూ అనిపిస్తుంది, కానీ దుర్యోధనుడు ఎదురైతే మళ్ళీ బుద్ధి తిరిగిపోతుంది అంటాడు. ఆఖరికి అంతా విధి అని దాని మీద తోసేస్తాడు.

గమనించండి. ఆయనకు సమాచారం తక్కువ లేదు, గురువు తక్కువ లేడు. కొడుకు మీద కోరిక ఉంది. ఆ కోరిక ముందు కూర్చుని, జ్ఞానాన్ని వెనక కూర్చోబెట్టింది. పైగా దానికి "విధి" అనే భక్తి మాట ఒకటి తొడిగాడు.

మన ఇళ్ళల్లో దీని చిన్న రూపం చీటీలు వేయడం. సంబంధం ఒప్పుకోవాలా వద్దా, ప్లాటు కొనాలా వద్దా అని దేవుడి ముందు రెండు చీటీలు వేస్తారు. "వద్దు" అని వస్తుంది. "చీటీ సరిగ్గా కలపలేదు, మళ్ళీ వెయ్యి" అంటారు. మూడోసారికి "కొను" అని వస్తుంది. "చూశావా, స్వామి ఒప్పుకున్నాడు!" మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ పని బాగా తెలుసు. ఒక టెస్ట్ రెండుసార్లు ఫెయిల్ అయి, మూడోసారి పాస్ అయితే, పాస్ అయిన స్క్రీన్‌షాట్ మాత్రం పంపడం. ఆ కోడ్ ప్రొడక్షన్‌లో ఏమవుతుందో కూడా మాకు తెలుసు.

గ్రంథాలు చదివేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. జవాబు ముందే రాసుకుని, దానికి సరిపోయే శ్లోకం దొరికే దాకా వెతుకుతాం.

హనుమంతుడు, సూర్యుడు, ఒక లెక్క

ఈ ఫార్వర్డ్ మీ అందరికీ వచ్చే ఉంటుంది. హనుమాన్ చాలీసాలో బాల హనుమంతుడు సూర్యుడిని పండు అనుకుని అందుకున్న చోట యుగం, సహస్రం, యోజనం అనే మూడు మాటలు వస్తాయి. యుగం అంటే 12,000, సహస్రం అంటే 1,000, యోజనం అంటే 8 మైళ్ళు. గుణిస్తే 9.6 కోట్ల మైళ్ళు. భూమికి సూర్యుడికి మధ్య సగటు దూరం సుమారు 9.3 కోట్ల మైళ్ళు. కాబట్టి మనవాళ్ళకు ముందే తెలుసు!

చదవగానే ఒళ్ళు పులకరిస్తుంది, నిజమే. ఇప్పుడు లెక్కను మెల్లగా విప్పుదాం.

మొదటిది, 12,000 అనేది దేవతల సంవత్సరాల్లో నాలుగు యుగాల మొత్తం. అంటే కాలం. కాలాన్ని దూరంతో గుణిస్తే దూరం ఎట్లా వస్తుంది? ఇంటర్ ఫిజిక్స్‌లో యూనిట్లు రాయకపోతే సార్ మార్కులు కోసేవారు గుర్తుందా? రెండోది, కలియుగం ఒక్కటే తీసుకుంటే 1,200 దేవ సంవత్సరాలు. మనుషుల లెక్కలో 4,32,000. వీటిలో 12,000నే ఎందుకు తీసుకోవాలి? ఎందుకంటే అదైతేనే జవాబు కుదురుతుంది. మూడోది, యోజనం కొలత గ్రంథానికో తీరుగా ఉంది. సూర్యసిద్ధాంతం భూమి వ్యాసం 1,600 యోజనాలు అంటుంది. ఆ లెక్కన యోజనం దాదాపు 8 కిలోమీటర్లు, అంటే 5 మైళ్ళు. అది పెడితే లెక్క తప్పిపోతుంది. అందుకని 8 మైళ్ళు పెట్టారు.

మూడు నాబ్‌లు తిప్పి కావలసిన నంబరు రప్పించడం ఇది. మా ఫీల్డ్‌లో దీన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటారు. ఉన్న డేటాకు అతికినట్టు కనిపిస్తుంది, కొత్త ప్రశ్న అడిగితే కూలిపోతుంది.

ఇప్పుడు అసలు మజా వినండి. అదే సూర్యసిద్ధాంతం చంద్రుడి కక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలు అని ఇస్తుంది. లెక్క వేస్తే చంద్రుడి దూరం భూమి వ్యాసానికి సుమారు 32 రెట్లు. నేటి కొలత సుమారు 30 రెట్లు! అంత దగ్గర. అదే గ్రంథం సూర్యుడి కక్ష్య 43,31,500 యోజనాలు అంటుంది. అంటే దూరం భూమి వ్యాసానికి సుమారు 430 రెట్లు. నేటి కొలత 11,700 రెట్ల పైనే. అంటే చంద్రుడి విషయంలో మన ఖగోళవేత్తలు దాదాపు సరిగ్గా పట్టుకున్నారు, సూర్యుడి విషయంలో పట్టుకోలేకపోయారు. ఒంటి కన్నుతో, ఓపికతో చేసిన పని అది. గర్వపడాలంటే దీనికి గర్వపడదాం. ఫార్వర్డ్ లెక్క ఆ నిజమైన పనిని కప్పేస్తుంది.

మరి హనుమంతుడి కథ? వాల్మీకి రామాయణం కిష్కింధకాండ తెరవండి. ఆ కథ చెప్పేది జాంబవంతుడు. ఎప్పుడు చెప్తాడు? ఎదురుగా 100 యోజనాల సముద్రం, దాటేవాడు లేక వానరులు దిగాలుగా కూర్చున్నారు, హనుమంతుడు ఒక పక్కన మౌనంగా ఉన్నాడు. అప్పుడు జాంబవంతుడు, నువ్వు పసివాడివిగా ఉన్నప్పుడే సూర్యుడి కోసం 300 యోజనాలు ఎగిరావయ్యా అని గుర్తు చేస్తాడు. ఆ నంబరు అక్కడ ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా? అప్పుడు 300, ఇప్పుడు 100, లే నాయనా అని. అది ఖగోళం పాఠం కాదు. తన బలం తనకు తెలియక కూర్చున్నవాడిని లేపే మాట. పరీక్ష ముందు, ఇంటర్వ్యూ ముందు మనకు కావలసింది ఆ మాటే. మైళ్ళ లెక్కలో పడి మనం దాన్ని పోగొట్టుకున్నాం.

పెద్దలు ఇచ్చిన ఆరు గుర్తులు

ఒక గ్రంథం అసలు ఏం చెప్పదలచుకుందో ఎట్లా తేల్చాలి? దీనికి మీమాంస, వేదాంత సంప్రదాయాల్లో ఆరు గుర్తులు ఉన్నాయి. వీటిని తాత్పర్య లింగాలు అంటారు. సదానందుడి వేదాంతసారం వీటిని ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంతో వివరిస్తుంది. మనమూ అదే తీసుకుందాం.

శ్వేతకేతు 12 ఏళ్ళు చదువుకుని, అన్నీ తెలుసన్న గర్వంతో ఇంటికి వస్తాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అయిన వారానికి మనం ఉన్నట్టు! తండ్రి ఉద్దాలకుడు అతనికి పాఠం మొదలుపెడతాడు. మర్రిపండు ఒకటి తెమ్మంటాడు. పగలగొట్టు అంటాడు. గింజలున్నాయి. ఒక గింజను పగలగొట్టు, లోపల ఏముంది? ఏమీ లేదు అంటాడు కొడుకు. నీకు కనిపించని ఆ సూక్ష్మం నుంచే ఇంత చెట్టు నిలబడింది అంటాడు తండ్రి. పాలమూరు పిల్లలమర్రి కింద నిలబడినవాళ్ళకు ఈ పాఠం వేరేగా చెప్పక్కర్లేదు. 700 ఏళ్ళదని చెప్పుకునే ఆ మాను, ఆ ఊడలు, అంతా అంత చిన్న గింజ.

ఇప్పుడు ఆరు గుర్తులు:

1. ఉపక్రమం, ఉపసంహారం. మొదలు, ముగింపు ఏమంటున్నాయి? రెండూ ఒకే విషయం మీద కలిస్తే అదే అసలు విషయం.

2. అభ్యాసం. ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది? ఆ అధ్యాయంలో తత్త్వమసి మహావాక్యం తొమ్మిదిసార్లు వస్తుంది. ఒక్కసారి వచ్చిన మాట పట్టుకుని, తొమ్మిదిసార్లు వచ్చినదాన్ని వదిలేయకూడదు.

3. అపూర్వత. వేరే దారిలో తెలియని ఏ విషయాన్ని ఇది చెబుతోంది? టెలిస్కోప్‌తో తెలిసేది చెప్పడానికి ఉపనిషత్తు అక్కర్లేదు.

4. ఫలం. దీన్ని అర్థం చేసుకున్నవాడికి ఏం దక్కుతుందని గ్రంథమే అంటోంది?

5. అర్థవాదం. ఏది ప్రశంస, ఏది అసలు మాట? "మా అమ్మ చేతి పచ్చిపులుసు తింటే చచ్చినోడు లేస్తడు" అంటాం. విన్నవాళ్ళు శవాన్ని తీసుకురారు.

6. ఉపపత్తి. యుక్తికి నిలుస్తోందా? ఉద్దాలకుడు ఊరికే నమ్ము అనలేదు. పండు తెప్పించాడు, ఉప్పు నీళ్ళలో వేయించి రుచి చూడమన్నాడు. కొడుకు చేతనే ప్రయోగం చేయించాడు.

మాటకు ఇప్పటి అర్థం తగిలించేయడం ఎంత తేలికో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. తుంగభద్ర ఒడ్డున అలంపురం, బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు. పేర్లు చూస్తే బాలబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ. పేరు చదివి ఊరుకున్నవాడు తొమ్మిది బ్రహ్మ గుళ్ళు అనుకుంటాడు. లోపలికి పోతే అన్నీ శివాలయాలే. బోర్డు చదివి తిరిగొచ్చేవాడికీ, లోపలికి వెళ్ళి దర్శనం చేసుకునేవాడికీ ఉన్న తేడానే, కోట్ చదివేవాడికీ గ్రంథం చదివేవాడికీ ఉంటుంది.

ఈ అర్థం వల్ల ఎవరికి లాభం?

ఆ ఆరు గుర్తుల పక్కన ఈ ఒక్క ప్రశ్న కూడా పెట్టుకోండి. చాలా మోసాలు అక్కడే దొరుకుతాయి.

గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం తీసుకోండి. పని మీదే నీ అధికారం, ఫలం మీద కాదు అనేది. అప్రైజల్ సీజన్‌లో హైక్ అడిగితే ఇది వినిపించే పెద్దమనుషులు ప్రతి ఫ్లోర్‌లో ఉంటారు. మరి తమ బోనస్ విషయంలో ఈ శ్లోకం వాళ్ళకు గుర్తొచ్చిందా? ఇంకో వైపు, చదవకుండా పరీక్షకు పోయి "ఫలం నా చేతిలో లేదు" అనే మనమూ ఉన్నాం. అదే శ్లోకం చివరి పాదం పని మానెయ్యడం మీద మోజు పెంచుకోవద్దని కూడా చెబుతుంది. ఆ పాదం ఎవరి ఫార్వర్డ్‌లోనూ రాదు.

ఇంకొకటి. అహింస పరమధర్మం అన్న మాట మహాభారతంలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంది. ఈ మధ్య దానికి ఒక తోక తగిలించి, ధర్మం కోసం హింస చేయడమూ అంతే అని రెండో సగం ఉన్నట్టు తిప్పుతున్నారు. భారతంలో ఆ తోక లేదు. ధర్మయుద్ధం గురించి భారతంలో బోలెడు చర్చ ఉంది, కావాలంటే అక్కడికి పోయి చదువుకోవచ్చు. లేని పాదాన్ని వ్యాసుడి నోట్లో పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఎవరి మీదో ముందే కోపం ఉంది, దానికి సంస్కృతంలో ఒక సంతకం కావాలి. అంతే.

ఇది చాదస్తపు చర్చ కాదు

"ఎవరి నమ్మకం వాళ్ళది, నీకెందుకు" అనిపించవచ్చు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

దేవరకొండ వైపు మా పెద్దనాయన రోజూ ఒక స్తోత్రం చదువుతారు. ఒకప్పుడు ఆయన బీపీ గోళీలు ఆపేశారని మూడు నెలల తర్వాత తెలిసింది. ఎందుకంటే స్తోత్రం చివర ఫలశ్రుతిలో చదివినవాడి రోగాలన్నీ పోతాయని ఉంది. గోళీ వేసుకుంటే స్వామి మీద అనుమానపడ్డట్టు అని ఆయన లెక్క. నేను గూగుల్‌లో ఏదో చూపించబోతే, "దేవుని మాటకన్నా నీ ఫోన్ పెద్దదా బిడ్డా?" అన్నారు. అప్పటికి ఆయనకు కళ్ళు తిరగడం మొదలైంది.

మాతో కాలేదు. వాళ్ళ ఊరి గుడి అయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఆయన వాదించలేదు. "ఏమయ్యా, అదే ఫలశ్రుతిల చదివినోనికి ధనం వస్తదని కూడ ఉంది గద. మరి నువ్వు పత్తి ఏసుడు ఎందుకు మానలే?" అని అడిగారు. పెద్దనాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అయ్యగారే, "అది స్తుతి. చదవాలన్న ఆశ పుట్టేటందుకు పెద్దలు పెట్టిన మాట. మందు మానుమని ఏడ రాసి ఉన్నది? గోళీ ఏసుకో, స్తోత్రం చదువు, రెండు ఆయన ఇచ్చినయే" అన్నారు. ఆ రాత్రి నుంచే గోళీ మళ్ళీ మొదలైంది. స్తోత్రం ఒక్కరోజూ ఆగలేదు.

ఆ అయ్యగారు ఇంగ్లీషు మీడియం చదవలేదు. కానీ ఆయన చేసింది అచ్చంగా అర్థవాదం, ఉపపత్తి. ఆదిశంకరులు కూడా గీతాభాష్యం చివరి అధ్యాయంలో ఇదే దారిలో మాట్లాడతారు. నిప్పు చల్లన అని వంద శ్రుతులు చెప్పినా అది ప్రమాణం కాదంటారు. కంటికి తెలిసే విషయంలో శాస్త్రం కంటితో పోట్లాడదు, దాని పని వేరే అని ఆయన భావం. శంకరులకు వేదం మీద నమ్మకం తక్కువా? నమ్మకం ఉన్నవాడే అట్లా అనగలడు.

ఇతరుల గ్రంథానికీ ఇదే తూకం

మనం నిజాయితీగా చదువుతున్నామా లేదా అని తేల్చే గట్టి పరీక్ష ఒకటుంది. పక్కవాళ్ళ గ్రంథాన్ని ఎట్లా చదువుతున్నాం?

మన జిల్లాల్లో ఇది దూరం సంగతి కాదు. నల్లగొండలో మెనోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890ల్లోనే పని చేశారు. జడ్చర్లలో మెనోనైట్ బ్రదరెన్ ఆస్పత్రి పాలమూరు జనానికి తెలిసిందే. మన క్లాస్‌మేట్లలో, కొలీగ్స్‌లో బైబిల్ చదువుకునేవాళ్ళు ఉన్నారు.

మా టీంలో ఇద్దరు, ఒకరు సూర్యాపేట, ఒకరు జడ్చర్ల. ఒకరోజు లంచ్‌లో మొదటివారు, "మీ యేసు తల్లిదండ్రులను ద్వేషించమన్నాడట కదా" అన్నారు. రెండోవారు, "మీ కృష్ణుడు అన్నదమ్ములను చంపమన్నాడు కదా" అన్నారు. వెంటనే ఇద్దరూ ఒకే మాట అన్నారు: "అది సందర్భం చూసి చదవాలి!" టేబుల్ అంతా నవ్వింది. ఇద్దరికీ తమ పుస్తకానికి సందర్భం ఉంది, అవతలి పుస్తకానికి లేదు.

ఆరు గుర్తులు పెట్టి చూద్దాం. లూకా సువార్త 14వ అధ్యాయంలో ఆ గట్టి మాట ఉన్నది నిజమే. అదే ఉపదేశం మత్తయి 10వ అధ్యాయంలో, తల్లిదండ్రులను నాకంటే ఎక్కువగా ప్రేమించకూడదు అన్న అర్థంలో వస్తుంది. అంటే పోలిక. తల్లిదండ్రులను గౌరవించాలన్నది పది ఆజ్ఞల్లోనే ఉంది. అభ్యాసం ఏ వైపుందో తెలుస్తోంది కదా.

అంతకంటే ఆసక్తికరమైనది మార్కు సువార్త 7వ అధ్యాయం. కొంతమంది తమ సొమ్మును కొర్బాను, అంటే దేవుడికి అర్పితం అని ప్రకటించి, ఆ వంకతో ముసలి తల్లిదండ్రులకు పెట్టకుండా తప్పించుకునేవారట. యేసు వాళ్ళను గట్టిగా తప్పుపడతాడు. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని దేవుడి ఆజ్ఞనే పక్కకు నెట్టారంటాడు. అమ్మానాన్నలను ఊళ్ళో వదిలేసి, గుడికి లక్షలు రాసిచ్చి శిలాఫలకం మీద పేరు వేయించుకునేవాళ్ళను మనం చూడలేదా? జబ్బు అదే. ఏ మతం వాడికైనా వస్తుంది.

దీన్ని ఒప్పుకుంటే మన ధర్మం తగ్గిపోదు. మన పద్ధతి ఎంత గట్టిదో తెలుస్తుంది. ఎవరి గ్రంథం మీద పెట్టినా పనిచేసేదే నిజమైన తూకం. మన బియ్యానికి ఒక రాయి, పక్కవాడి బియ్యానికి ఒక రాయి పెట్టే కొట్టుకు మనమే పోము.

రేపటి నుంచి చేయగలిగినవి

ఏదైనా శ్లోకం, ఫార్వర్డ్, ప్రవచనం ముక్క ఎదురైనప్పుడు ఈ ఐదు అడగండి:

1. ఇది నిజంగా ఆ గ్రంథంలో ఉందా? కాండ, సర్గ, శ్లోక సంఖ్య లేకపోతే షేర్ చెయ్యకండి.

2. ముందూ వెనకా ఏముంది? కనీసం ఐదు శ్లోకాలు పైన, ఐదు కింద చదవండి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటున్నారో చూడండి.

3. ఇది ప్రశంసా, కథా, ఆజ్ఞా?

4. ఈ అర్థం వల్ల నాకు లాభం ఉందా? ఉంటే రెండింతలు అనుమానించండి. అదే శ్లోకం నాకు వ్యతిరేకంగా వస్తే ఒప్పుకునేవాడినా?

5. ఇదే వాదన ఇంకో మతం వాళ్ళు చేస్తే నేను ఒప్పుకుంటానా?

ఇంకో చిన్న అలవాటు. మీతో ఏకీభవించని ఒక మనిషిని దగ్గర పెట్టుకోండి. ధృతరాష్ట్రుడికి విదురుడు ఉన్నాడు, వినలేదు. మనకు విదురుడే లేకుండా అల్గారిథమ్ ఏర్పాటు చేస్తోంది. ఏది చూస్తే దానిలాంటిదే మళ్ళీ చూపిస్తుంది. మా ఛానెల్‌కూ అది వర్తిస్తుంది. మేము చెప్పిందీ సరిచూసుకోండి.

చివరిగా గీత ముగింపు వైపు చూడండి. 18వ అధ్యాయం 63వ శ్లోకం. అంతా చెప్పేశాక, విశ్వరూపం చూపించేశాక, కృష్ణుడు అర్జునుడితో ఏమంటాడు? నేను చెప్పినదాన్ని పూర్తిగా విమర్శించి చూసుకో, ఆ తర్వాత నీకు ఎట్లా తోస్తే అట్లా చెయ్యి అంటాడు. సాక్షాత్తు భగవంతుడు ఎదురుగా నిలబడి ఆలోచించుకోమన్నాడు. ఆలోచిస్తే నమ్మకం పోతుందేమో అన్న భయం ఆయనకు లేదు. మనకెందుకు?

ఈ వారం పని ఒకటి ఇస్తున్నాను. మీకు బాగా నచ్చిన ఒక శ్లోకం తీసుకుని, దాని ముందూ వెనకా ఐదేసి శ్లోకాలు అర్థంతో చదవండి. ఇంతకు ముందు తెలియనిది ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి.

సర్వే జనాః సుఖినో భవంతు. శుభం.